పళ్ళెంలో ఎనిమిదో రాయి

పళ్ళెంలో ఏడు రాళ్ళుండాలి. నేను లెక్కపెడితే ఎనిమిది తేలాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. రాళ్ళ పరీక్షశాలలో నాలుగేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఎనిమిది దాకా లెక్క తప్పితే రేపే ఇంటికి పొమ్మంటారు. ఎనిమిదే. ఇత్తడి పళ్ళెంలో తెల్లగుడ్డ, గుడ్డ మీద ఎనిమిది నీలాలు, ఉత్తరం కిటికీలోంచి పడుతున్న పొద్దుటి వెలుగు. చుట్టూ కూర్చున్న రువంత ఇంటివాళ్ళు రాళ్ళకేసి కాదు, నా మొహంలోకి చూస్తున్నారు.

రువంత నన్ను చేసుకోబోయేవాడు. మా ఊరు రత్నపురలో రాళ్ళ వ్యాపారం చేసే ఇళ్ళలో వాళ్ళది పెద్దది. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. నిశ్చితార్థం ఉంగరంలోకి నీలాన్ని కోడలే ఎంచుకోవాలి. వినడానికి ఎంత ముద్దుగా ఉందో చూడండి. అసలు సంగతేమిటంటే ఆ ఏడింటిలో ఒకటి దొంగరాయి, కొలిమిలో పోతపోసిన నీలం. పొరపాటున దాన్ని ఏరుకుంటే దానితోనే ఉంగరం చేయించి వేలికి తొడిగి, జీవితాంతం నవ్వుకుంటారు. రువంత పిన్ని ఒకావిడ ముప్పయ్యేళ్ళ కిందట అలాంటి దొంగరాయినే ఏరుకుందట. ఆవిడ అసలు పేరేమిటో ఇప్పుడు ఆ ఇంట్లో సగం మందికి తెలియదు. అందరికీ గాజుపిన్నే.

"ఏడు పెట్టాను. ఆరు మంచివి, ఒకటి దొంగది," అంది రువంత వాళ్ళమ్మ ఇరాంగని, నా ముందు టీ కప్పూ బెల్లం ముక్కా పెడుతూ. "తొందరేం లేదమ్మా, తాపీగా చూసుకో. అయినా దొంగరాళ్ళ గురించి మీ ఇంటివాళ్ళకి ఒకరు చెప్పాలా?"

గాజుపిన్ని కిసుక్కున నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ మాట నాకు కాదు, గుమ్మం పక్కన కుర్చీ అంచున కూర్చున్న మా నాన్నకి. ఇస్త్రీ చేసిన తెల్ల లుంగీ, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, మోకాళ్ళ మీద రెండు చేతులు. ఆయనకి ఆ పళ్ళెం కనబడదు. వెలుగూ చీకటీ తప్ప ఆయనకి ఏదీ కనబడదు. మాట మాత్రం బాగానే వినబడుతుంది.

నాకు ఒళ్ళు మండింది. ఎనిమిది అయితేనేం, ఇదీ వీళ్ళ ఆటలో భాగమే అనుకున్నాను. భూతద్దం కంటికి పెట్టుకుని ఒక్కొక్క రాయినీ ఎత్తి చూశాను. నాలుగోది పట్టుకోగానే లోపల వంపు తిరిగిన గీతలు కనబడ్డాయి. భూమిలో పుట్టిన రాయిలో గీతలు తిన్నగా ఉంటాయి, పోతపోసిన రాయిలోనే వంగుతాయి. తీసి పళ్ళెం బయట పెట్టాను.

"ఇదండీ మీ దొంగ."

"అబ్బో, ఇట్టే పట్టేసిందే!" ఇరాంగని చప్పట్లు కొట్టింది. "పట్టదూ మరి? పాత చుట్టమేగా. పద్నాలుగేళ్ళ కిందట వాళ్ళ నాన్న ఇచ్చిన పొట్లంలోంచి వచ్చిన రాయేగా అది!"

"అమ్మా!" అని అరిచాడు రువంత.

మా బతుకుని తగలబెట్టిన రాయిని దాచిపెట్టి, ఇంటికొచ్చే ఆడపిల్లల్ని ఆటపట్టించడానికి వాడుకుంటున్నారు. మా ఇంట్లో ఆ రాయి పేరెత్తితే అన్నం సహించేది కాదు. ఇక్కడ అది నవ్వులాట. నాన్న మోకాళ్ళ మీద వేళ్ళు బిగుసుకోవడం చూశాను. లేచి వెళ్ళిపోదామన్నంత కోపం వచ్చింది. నాన్న తల అడ్డంగా ఊపాడు, నేను ఏం చేయబోతున్నానో కళ్ళు లేకుండానే చూసినట్టు. కూర్చున్నాను.

ఆ కథ రత్నపురలో పసిపిల్లలకి కూడా తెలుసు. మీకే తెలియదు కాబట్టి చెబుతాను.

మా నాన్న పియసేన బాస్. బాస్ అంటే మా దగ్గర యజమాని కాదు, చేతిపనివాడు. మా నేలలో దొరికే నీలాలకి ఒళ్ళంతా రంగుండదు. ఎక్కడో ఒక మూల చిటికెడు నీలం, మిగతాదంతా నీళ్ళలా తేటగా ఉంటుంది. ఆ చిటికెడు రంగు రాయి అడుగుకి వచ్చేలా తిప్పి కోస్తే, పైనుంచి చూసినప్పుడు రాయంతా నీలంగా వెలుగుతుంది. ఎటు తిప్పాలో ఇంకా కోయని పచ్చిరాయిని చూసి చెప్పగలగడమే పనితనం. అది నాన్నకి తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదనేవారు.

రువంత తాతగారు అప్పుహామి ముదలాలి, అంటే షావుకారు, ఒక పచ్చిరాయి తెచ్చి నాన్నకిచ్చాడు. నాన్న పదకొండు రోజులు దాని మీద కూర్చున్నాడు. కోసి, కాగితంలో మడిచి, పొట్లం ముదలాలి చేతిలో పెట్టాడు. ముదలాలి విప్పకుండానే జేబులో వేసుకున్నాడు. అప్పట్లో అదే మర్యాద. నమ్మిన పనివాడి ముందు పొట్లం విప్పి చూడటమంటే మొహాన ఉమ్మేసినట్టు. నాన్న ముందు ఎవరూ ఏనాడూ పొట్లం విప్పలేదని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

మర్నాడు గడియారస్తంభం దగ్గర రాళ్ళ వీధిలో, నలభైమంది ముందు ముదలాలి పొట్లం విప్పాడు. లోపల ఉన్నది దొంగరాయి. పియసేన రాయి మార్చేశాడని ఆయన అరిచిన అరుపు మూడు వీధులు దాటింది. నాన్న ఒట్లు పెట్టుకున్నాడు. ఎవరు వింటారు? ముదలాలి భార్యని వెంటబెట్టుకుని సమన్ దేవుడి కోవెలకి వెళ్ళి, రాయి తీసినవాడు నాశనమైపోవాలని కొబ్బరికాయ కొట్టించాడు. మీ దగ్గర కొబ్బరికాయ మొక్కు తీరితే కొడతారేమో. మా దగ్గర దొంగ మీద కూడా కొడతారు. కాయ పగిలినట్టు వాడి బతుకు పగలాలని.

ఆ తరువాత నాన్నకి ఒక్కరూ రాయి ఇవ్వలేదు. ఆయన బస్టాండు మెట్ల దగ్గర తాళంచెవులు చేసుకుని బతికాడు. రాయి ఇవ్వడానికి నమ్మని ఊరు ఇంటి తాళాలు మాత్రం ధీమాగా ఆయన చేతిలో పెట్టింది. ఈ ఊరి తెలివి అలాంటిది. అయిదేళ్ళకి ఆయన చూపు మందగించింది. నీటికాసుల జబ్బు, ముందే వచ్చి ఉంటే ఆపేవాళ్ళమన్నాడు డాక్టరు. కొబ్బరికాయ తగిలిందన్నారు జనం. అమ్మ తెల్లవారుజామున ఇడియాప్పాలు చేసి అమ్మి నన్ను చదివించింది. ఆరేళ్ళ కిందట పోయింది.

అలాంటి ఇంటికి కోడలిగా ఎలా వచ్చానంటారా? రువంత పరీక్షశాలకి రాళ్ళు తెచ్చేవాడు. వరసగా మూడుసార్లు అతని రాళ్ళకి నేను తప్పు పట్టాను. నాలుగోసారి రాయి లేకుండా వచ్చాడు. వాళ్ళింట్లో తెలిసినప్పుడు ఇరాంగని మూడు రోజులు అన్నం మానేసింది. అప్పుడు ఎవరూ అనుకోని మనిషి చేతికర్ర నేలకేసి కొట్టింది. అప్పుహామి ముదలాలి భార్య, రువంత నాయనమ్మ, పొడిమెనికే ఆచ్చి. "ఆ పిల్లే ఈ ఇంటికి రావాలి. వేరే పిల్లని తెస్తే నా శవాన్ని దాటి తీసుకురండి," అందట. ఇంటిల్లిపాదీ బిత్తరపోయారు. ముసలిదానికి మతి పోయిందన్నారు. నేను మాత్రం, మంచి మనసున్న మనిషి అనుకున్నాను.

ఆ ఆచ్చి ఇప్పుడు కిటికీ పక్కన పడక్కుర్చీలో కూర్చుని చిన్నరోట్లో తమలపాకులు దంచుకుంటోంది. టక్, టక్, టక్. పొద్దుటినుంచి నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదు.

ఎనిమిదో రాయిని చేతిలోకి తీసుకున్నాను.

పైనుంచి నిండు నీలం. పక్కకి తిప్పాను. నీళ్ళలా తేటగా ఉంది, అడుగున మాత్రం చిటికెడు రంగు. ఎంత బాగా కోశాడో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను, ఎవరో తెలియని పనివాడి గురించి అనుకున్నట్టు. భూతద్దం కంటికి పెట్టుకున్నాను.

లోపల చీమలు కనబడ్డాయి.

నాకు పన్నెండేళ్ళప్పుడు, ఆ రాయి కోసిన రోజు నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని భూతద్దంలోంచి చూపించాడు. లోపల ఆరు నల్లచుక్కలు వరసగా, ఏడోది కాస్త వెనకగా. "చీమలు ఇంటికి పోతున్నాయి చూడు. ఆ ఆఖరిది వెనకబడిపోయింది, చూశావా? అది నువ్వే. రోజూ బడికి ఆలస్యం!" అన్నాడు. నేను అలిగి ఒళ్ళోంచి దిగిపోయాను.

ఆరు చుక్కలు. వెనక ఒకటి.

రాయిలోని మచ్చలు మనిషి వేలిముద్రల్లాంటివి, రెండు రాళ్ళకి ఒకేలా ఉండవు. మా ఉద్యోగంలో మొదటిరోజు నేర్పే పాఠమే అది. అయినా నమ్మబుద్ధి కాలేదు. రాయి దించి, గుడ్డతో తుడిచి, మళ్ళీ చూశాను. చీమలు ఎక్కడికీ పోలేదు. పద్నాలుగేళ్ళుగా అదే దారిలో, అదే వరసలో ఉన్నాయి.

భూతద్దం నా చేతిలోంచి జారి పళ్ళెంలో ఠంగుమని పడింది.

"ఏమైందమ్మా?" అంటూ ఇరాంగని వంగి చూసింది. ఆవిడ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. వేలితో ఒక్కొక్క రాయినీ ముట్టుకుంటూ లెక్కపెట్టింది. "నేను ఏడే పెట్టానే. ఇదెక్కడిది? ఏమండీ, ఇది మీరు పెట్టారా?"

"నేనెందుకు పెడతాను?" అన్నాడు రువంత నాన్న విమలధర్మ. రాయిని నా చేతిలోంచి తీసుకుని వెలుగుకి పట్టుకున్నాడు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. "ఇంత రాయి మన ఇంట్లో ఉందా? నాకు తెలీకుండా ఎక్కడుంది ఇది?"

ఆయన నటించడం లేదు. అది నాకు వెంటనే అర్థమైంది. కోసిన తరువాత ఆ రాయిని చూసింది నాన్నా నేనూ ఇద్దరమే. ముదలాలి పొట్లం విప్పనేలేదు కదా. కాబట్టి ఆ గదిలో దాన్ని గుర్తుపట్టగలిగేది నేనొక్కదాన్నే. అలా అనుకున్నాను.

"ఏమ్మా, ఎంచుకున్నావా?" నాన్న గొంతు. "ఏదీ, ఇటివ్వు. కళ్ళు పోతేనేం, చేత్తో చూస్తా."

విమలధర్మ దగ్గరనుంచి రాయి తీసుకుని వెళ్ళి నాన్న అరచేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ చెప్పలేను. నాది పొరపాటని ఆయన చేత చెప్పించుకోవడానికేమో.

నాన్న ముందు దాన్ని పెదవికి ఆనించి చల్లదనం చూశాడు. తల ఊపాడు. తరువాత బొటనవేలి గోరుని రాయి నడుము అంచు చుట్టూ తిప్పాడు. సగం తిరిగాక గోరు ఆగిపోయింది. ఏ రాయి కోసినా నడుము దగ్గర నూకగింజంత చోట పైతోలు అలాగే వదిలేయడం నాన్న అలవాటు. రాయి బరువు వృథా కాకూడదని. ఆ గోరు అక్కడే ఉండిపోయింది. వెనక్కి జరిగింది, మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆయన ముక్కుపుటాలు అదిరాయి. మొహంలో రక్తం ఇంకిపోవడం నేను కళ్ళారా చూశాను.

రాయిని నాకేసి చాచి, "ఇది వద్దమ్మా," అన్నాడు. "దీనికి లోపల పగులుంది. వేరేది తీసుకో."

రాయి గురించి మా నాన్న అబద్ధమాడటం నేను వినడం అదే మొదలు.

ఆ క్షణంలో నాకు తగిలిన దెబ్బ రాయిని చూసినప్పుడు కూడా తగల్లేదు. ఆయన గుర్తుపట్టాడు. పోయిన పేరు, పోయిన పని, బస్టాండు మెట్లు, అన్నీ ఆ అరచేతిలోకి తిరిగొచ్చాయి. నా పెళ్ళి చెడకూడదని వాటిని మళ్ళీ వదిలేసుకుంటున్నాడు. నేను నోరు మూసుకుంటే ఈ ఇంటి కోడలినవుతాను, మా నాన్న దొంగగానే చచ్చిపోతాడు. నోరు తెరిస్తే ఆయన దొంగ కాడు, నాకు పెళ్ళి లేదు. రువంత కేసి చూశాను. ఏమీ అర్థంకాక పిచ్చివాడిలా నవ్వడానికి ప్రయత్నిస్తున్నాడు. అతనంటే నాకు ప్రాణం. ఆ మాట కూడా దాచను.

"నాన్నా," అన్నాను, "లోపల చీమలున్నాయి."

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"ఏం చీమలు? ఏం మాట్లాడుతున్నావు?" అంది ఇరాంగని.

"ఇది పద్నాలుగేళ్ళ కిందట మా నాన్న కోసిన రాయండీ. మీ మామగారికి పొట్లంలో కట్టి ఇచ్చిన రాయి. మా నాన్న మార్చేశాడని మీరు ఊరంతా చాటిన రాయి. మీ ఇంట్లో, మీ పళ్ళెంలో ఉంది."

గాజుపిన్ని చేతిలో అరిసె విరిగి ఒళ్ళో పడింది, ఆవిడ తీసుకోలేదు. తరువాత అందరూ ఒక్కసారే మొదలెట్టారు.

"మా గుమ్మం తొక్కి మామీదే దొంగతనం కడతావా?" ఇరాంగని గొంతు చీరుకుపోయింది. "నేను ముందే చెప్పాను, ఎవరు విన్నారు? ఆ రక్తం ఎక్కడికి పోతుంది!"

"ఇనోకా, ఒక్క నిమిషం," అన్నాడు రువంత నా దగ్గరికొచ్చి. మొహం పాలిపోయింది. "నువ్వప్పుడు చిన్నపిల్లవి. పొరబడ్డావేమో?"

"నా సంతకం చూసి మీరు రాళ్ళు అమ్ముకుంటున్నారు రువంతా. నాలుగేళ్ళలో ఎప్పుడైనా పొరబడ్డానా? ఇవాళే పొరబడ్డానా?"

విమలధర్మ రాయినీ నాన్ననీ మార్చి మార్చి చూస్తూ, "మా నాన్న అబద్ధం చెప్పాడంటావా? చచ్చిపోయిన మనిషి మీద…" అంటున్నాడు.

అప్పుడు అందరికీ ఒకేసారి తెలిసింది, టక్‌టక్ చప్పుడు ఆగిపోయిందని.

"మీ నాన్న అబద్ధం చెప్పలేదురా," అంది పొడిమెనికే ఆచ్చి. "పొట్లంలో దొంగరాయే ఉంది. పెట్టింది నేను."

విమలధర్మ కుర్చీలో కూలబడ్డాడు. నేను ఆచ్చి కేసి చూస్తూ ఉండిపోయాను. మంచి మనసున్న మనిషి అనుకున్నాను కదా.

"ఆ రాయి నా పొలంలో పుట్టింది. మా అయ్య నాకిచ్చిన పొలం. తవ్వి తవ్వి గుంటలు చేశాడు మీ నాన్న. నలభై ఏళ్ళలో ఒక్క రాయి, ఒక్కటంటే ఒక్కటి, ఇదిగో నీ పొలంలో పండింది అని నా చేతిలో పెట్టి చూపించలేదు. ఆ సాయంత్రం ఆయన బావి దగ్గరికి స్నానానికెళ్ళాడు. చొక్కా జేబులో పొట్లం కనబడింది. విప్పాను. అంత అందమైనది నేను ఎప్పుడూ చూళ్ళేదు. పిల్లలకి రాళ్ళు గుర్తుపట్టడం నేర్పే డబ్బాలోంచి ఒక దొంగరాయి తీసి అందులో మడిచాను. ఇంట్లో విప్పుతాడు, అరుస్తాడు, అప్పుడు నా చేతిలో పెట్టుకుని చూపిద్దామనుకున్నా. ఇది నాదీ, అడుగు, అడిగి తీసుకో, అందామనుకున్నా. ఆయన ఇంట్లో విప్పలేదు. తిన్నగా వీధిలోకెళ్ళి నలభైమంది ముందు విప్పాడు. పియసేన దొంగ అన్నాడు. ఇక నేనేం చెప్పను? నా పెళ్ళాం దొంగ అని వెనక్కొచ్చి చెబుతాడా? దొంగకి తేలు కుట్టినట్టయింది నా బతుకు."

"ఆ కొబ్బరికాయ?" అని అడిగాను.

"నేనే కొట్టాను. ఆయన నా చేతికిచ్చాడు. రాయి తీసినవాళ్ళు నాశనమవ్వాలని నా నోటితోనే అన్నాను." చేతికర్ర పట్టుకున్న చెయ్యి ఎత్తి చూపించింది. "ఆర్నెల్లకి ఆయనకి పక్షవాతం. నా చెయ్యి అప్పట్నుంచి ఇలా వణుకుతూనే ఉంది. నా పాపం నీ కళ్ళని కూడా తినేసింది పియసేనా. చచ్చేలోగా రాయిని నీ పిల్ల వేలికి చేరుద్దామని ఇవాళ పళ్ళెంలో పెట్టా. గుర్తుపట్టకూడదని దండం పెట్టుకున్నా. గుర్తుపట్టాలనీ పెట్టుకున్నా."

ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి కూడా కాస్త తెలివి ఉండాలి, ఆ గదిలో ఎవరికీ అది లేదు. ఇరాంగని అత్తగారి కేసి చూస్తూ, చీర కొంగుని వేలికి చుట్టి విప్పి మళ్ళీ చుడుతోంది. తిట్టడానికి ఆవిడకి ఇప్పుడు మనిషి దొరకడం లేదు.

నాన్న మెల్లగా మాట్లాడాడు.

"కళ్ళు జబ్బుతో పోయాయి అమ్మగారూ, మీరు దిగులుపడకండి. కానీ మా ఆవిడ… పోయేరోజు నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఇప్పుడైనా నిజం చెప్పవయ్యా, నేను ఎవరికీ చెప్పను, ఆ రాయి తీశావా, అని. లేదన్నాను. నమ్మిందో లేదో తెలీదు. వెళ్ళిపోయింది."

నాకు ఈ సంగతి తెలియదు. ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్కరోజు కూడా చెప్పలేదు. నాన్న ముందు ఎవరూ పొట్లం విప్పలేదని గొప్పలు పోయిన మా అమ్మ, చివరికి ఆ మాట అడిగి పోయింది.

ఆచ్చి రెండు చేతులూ జోడించబోయింది. వణుకుడికి అవి కలవలేదు.

"ఇక్కడ వద్దు," అన్నాను. కోపమో ఏమో, నా మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "ఈ రాయే ఎంచుకున్నాను. ఉంగరం దీనితోనే చేయించండి. కానీ ముందు, రేపు పొద్దున రాళ్ళ వీధికి రండి. మా నాన్నని దొంగని ఎక్కడ చేశారో అక్కడ చెప్పండి. మీరు రాకపోతే ఉంగరమూ వద్దు, పెళ్ళీ వద్దు."

"ఎనభై రెండేళ్ళ మనిషిని వీధిలో నిలబెడతావా?" ఇరాంగనికి మాట తిరిగొచ్చింది. "మా ఇంటి పరువేం కావాలి? అయిందేదో నలుగురి మధ్య అయింది, ఇక్కడే ముగించుకుందాం. నీకేం కావాలో అడుగు…"

"అమ్మా, చాలు," అన్నాడు రువంత. నా కేసి చూడకుండా ఆచ్చి దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎన్ని గంటలకి తీసుకెళ్ళను ఆచ్చీ?"

"రంగు బాగా కనబడే వేళకి," అంది ఆవిడ.

మర్నాడు పది గంటలకి గడియారస్తంభం దగ్గర ఎప్పటిలాగే జనం. తెల్ల లుంగీలు, అరచేతుల్లో రాళ్ళు, నుదుటి మీదికి తోసుకున్న భూతద్దాలు. ఆడవాళ్ళు పెద్దగా రాని వీధి అది. తెల్లచీర కట్టుకున్న ముసలావిడని రువంత పట్టుకుని నడిపించుకుంటూ వస్తుంటే బేరాలు ఒక్కొక్కటే ఆగాయి. పద్నాలుగేళ్ళ తరువాత నాన్న ఆ వీధిలో కాలు పెట్టాడు. నా భుజం మీద ఆయన చెయ్యి బరువుగా ఉంది.

ఆచ్చి నాలుగు మాటలే చెప్పింది. రాయి నేను తీశాను. పియసేన తియ్యలేదు. నా మొగుడికి తెలీదు. కాయ కూడా నేనే కొట్టాను. తరువాత ఆ నీలాన్ని నాన్న చేతిలో పెట్టి, "నీ పని నీకు అప్పజెప్పాను," అంది. నాన్న దాన్ని ఒకసారి గోటితో తడిమి రువంతకి ఇచ్చేశాడు.

ఊరు ఊరంతా నోరెళ్ళబెట్టింది. జాలిగా చూసినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. తలలు మాత్రం ఒక్కొక్కటే కిందికి వంగాయి. ఆ రోజు ఉన్న నలభైమందిలో సగం మంది అక్కడే ఉన్నారు మరి. నాకు వాళ్ళందరి మొహాలూ గుర్తే.

గుణదాస అనే దళారి ముందుకొచ్చాడు. ఆ రోజు నాన్న చొక్కా పట్టుకున్నది అతనే. జేబులోంచి కాగితం పొట్లం తీసి నాన్న చేతిలో పెట్టి, "కోసి పెట్టు బాస్, ఎప్పుడైనా సరే," అని గొణిగి, విప్పకుండానే, చూపించకుండానే వెనక్కి తిరిగాడు. పాత మర్యాద. నాన్న గొడవ తరువాత ఆ వీధిలో ఎవరూ పాటించని మర్యాద.

"ఆగు గుణదాసా," అన్నాడు నాన్న. "మర్యాద వద్దు. నా ముందు విప్పి వెళ్ళు."

గుణదాస పొట్లం తిరిగి తీసుకుని విప్పాడు. లోపల శనగగింజంత పచ్చిరాయి. నాన్న దాన్ని తీసుకుని, పాత అలవాటు ప్రకారం బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి ఎండకేసి ఎత్తాడు. తల కాస్త పక్కకి వంచాడు. బేరాలన్నీ ఆగిపోయిన వీధి పియసేన బాస్ ఏమంటాడా అని ఎదురుచూసింది.

నేను దగ్గరికి జరిగి ఆయన చెవిలో రంగు ఏ మూల ఉందో చెప్పాను.